ఇంటితోటలో హాలీ వృక్షము: పోతు లేక పండు లేదు

నాటిన మొక్క చక్కగ వేరూని, ఏపుగ పెరిగి, ఏటేట పూచుచుండియు ఒక్క కాయనైనను నిలుపకున్నచో పెంచినవాని మనస్సెంత క్లేశపడునో కర్షకులకు వేరుగ చెప్పనక్కరలేదు. నేల చాలదని కొందరు ఎరువు వేయుదురు. నీరు చాలదని కొందరు పాదు త్రవ్వుదురు. గొడ్డుచెట్టని కొందరు గొడ్డలి చేతబట్టుదురు. ఇంగ్లాండు, అమెరికా దేశముల ఇంటితోటలలో ఇట్టి నిందకు తరచుగ గురియగు చెట్టు హాలీ. అది మన పొలములకు దూరపు చెట్టే యైనను, దానివలన నేర్వదగిన సంగతి మనకు దూరమైనది కాదు. అదియుగాక, ఆ దేశములలో ఇండ్లు కొని స్థిరపడిన తెలుగువారు నేడు వేలకొలది కలరు. కొన్న యింటి వాకిట ఈ చెట్టు ముందే నాటబడి యుండుట అచ్చట సామాన్యము. కావున దీని పెంపకమును గూర్చి కొంత వివరముగ తెలిసికొనుట ఉభయులకును లాభకరము.

చెట్టు స్వరూపము

హాలీ సతతహరిత వృక్షము. శీతకాలమున చుట్టునున్న చెట్లు ఆకురాల్చి మోడులై నిలిచినను ఇది పచ్చగనే యుండును. దీని ఆకులు అసలే రాలవని తలంపరాదు. క్రొత్త ఆకులు వచ్చిన పిదప పాతవి కొన్ని కొన్నిగ రాలుటచే కొమ్మలు ఎన్నడును బోసిపోవు. మన మామిడియు పొగడయు ఇట్టివే. హాలీ ఆకు దళసరిగ నుండి, అంచున ముండ్లు కలిగి యుండును. పూవులు చిన్నవి, తెల్లనివి, సాధారణముగ నాలుగు రేకులవి. పండ్లు బఠాణీ గింజంతటి పరిమాణము గలిగి, చలికాలము సమీపించునప్పటికి ఎర్రబారును. పక్షులు తినివేయనిచో చలికాలమంతయు కొమ్మలపై నిలుచును. పచ్చని ఆకుల నడుమ ఎర్రని పండ్ల గుత్తులు చూచుటకే పలువురు దీనిని నాటుదురు. క్రైస్తవులు క్రిస్మసు పండుగకు ఇండ్ల నలంకరించుట కుపయోగించు కొమ్మలివియే.

ఈ కుటుంబమున 500కు మించిన జాతులు కలవు. ఇంటితోటలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఇంగ్లీషు హాలీ. దీని శాస్త్రనామము ఐలెక్స్ అక్విఫోలియమ్. ఇది ఐరోపాఖండపు పశ్చిమ దక్షిణ భాగములకు స్వదేశీయమైనది. ఆకు నిగనిగలాడుచుండును. చెట్టు సాధారణముగ 30 మొదలు 50 అడుగుల ఎత్తు పెరుగును. రెండవది అమెరికా హాలీ, అనగా ఐలెక్స్ ఒపేకా. ఇది అమెరికా సంయుక్తరాష్ట్రముల తూర్పు భాగమున మసాచుసెట్స్ మొదలు ఫ్లారిడా వరకు సహజముగ పెరుగును. దీని ఆకునకు అంత నిగారింపు లేదు. డెలవేర్ రాష్ట్రము 1939వ సంవత్సరమున దీనిని తన రాష్ట్రవృక్షముగ స్వీకరించినది. దక్షిణ అమెరికాలో ప్రజలు తేనీటివలె కాచుకొని త్రాగు మాటే ఆకును ఈ కుటుంబపు చెట్టునుండియే లభించునది.

భారతదేశమునకును ఈ కుటుంబము పరాయిది కాదు. హిమాలయములలోను, నీలగిరులయందలి షోలా అడవులలోను దీని జ్ఞాతులు కొన్ని పెరుగుచున్నవి. అవి కొండల చల్లదనమునకు అలవాటుపడినవి. ఇంగ్లీషు హాలీ మన కృష్ణా గోదావరి మండలముల ఎండల కోర్వజాలదు. కావున దీనిని తెప్పించి మన పెరళ్లలో నాటుడని ఈ వ్యాసమున చెప్పబడుటలేదు. దీని స్వభావమును తెలిసికొనుడని మాత్రమే చెప్పబడుచున్నది.

పోతు చెట్టు, పెంటి చెట్టు

హాలీ యందు పోతుపూవులు ఒక చెట్టునను, పెంటిపూవులు వేరొక చెట్టునను పూయును. పండు పెంటి చెట్టుననే కాయును. దగ్గరలో పోతు చెట్టు లేనిచో పెంటి చెట్టు ఎంత పూచినను పండు నిలువదు. పోతు చెట్టు ఎన్నేండ్లు పెంచినను కాయదు. ఇది రోగము కాదు, నేలలోపము కాదు, పెంచినవాని అశ్రద్ధయు కాదు. చెట్టు జాతిధర్మము. ఒక్క మొక్కను కొని తెచ్చి వాకిట నాటి ఎర్రని పండ్ల కొరకు ఎదురుచూచువాడు ఈ ధర్మము నెరుగనిచో ఏండ్లు వ్యర్థమగును.

పూత సమయమున చేతితో కొమ్మ వంచి చూచినయెడల రెంటికిని గల భేదము సులభముగ తెలియును. పోతుపూవునందు నాలుగు కేసరములు నిలిచి, వాని కొనల పసుపుపచ్చని పుప్పొడి కనబడును. పెంటిపూవు నడుమ గుండ్రని ఆకుపచ్చని పిందె కుదురుగ కూర్చుండి యుండును. దాని చుట్టు కేసరములవంటివి యున్నను వానియందు పనికివచ్చు పుప్పొడి లేదు. అయితే మొక్క పూతకు వచ్చువరకు ఈ పరీక్షకు అవకాశము లేదు.

పేర్లను నమ్మి మోసపోవుటయు కలదు. ఇంగ్లాండు నర్సరీలలో ప్రసిద్ధమైన గోల్డెన్ కింగ్, అనగా బంగారు రాజు, పెంటి మొక్క. సిల్వర్ క్వీన్, అనగా వెండి రాణి, పోతు మొక్క. రాజు కాయును, రాణి కాయదు! ఈ పేర్లు ఆకుల రంగునుబట్టి పెట్టబడినవే గాని పూవును చూచి పెట్టబడినవి కావు. జె. సి. వాన్ టోల్ అను రకము మాత్రము పోతు తోడు లేకయే కొంత కాయును. స్థలము మిక్కిలి తక్కువగ నున్నవారికి అది అనుకూలము.

పుప్పొడిని పోతునుండి పెంటికి చేర్చునవి ముఖ్యముగ తేనెటీగలు, తదితర కీటకములు. పోతు చెట్టు సుమారు 200 అడుగులలోపల నుండుట మేలు. ఈగలు అంతకంటె దూరమునుండియు తేగలవుగాని, దూరము పెరిగినకొలది కాపు తగ్గును. రెండు చెట్లును ఏకకాలమున పూయునవిగ నుండవలయును. ఇంగ్లీషు హాలీ పూత ముగియుచుండగ అమెరికా హాలీ పూత ఆరంభించుట కలదు. కావున పెంటి ఏ జాతియో పోతును ఆ జాతిదిగనే ఎన్నుకొనుట క్షేమము. పూత దినములలో పురుగుమందు చల్లినచో ఈగలు నశించి కాపు చెడును. విడువని వానలును, అకాలపు మంచును ఇట్లే కీడు చేయును.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ప్రతి యింటను రెండు చెట్లు నుండనక్కరలేదు. ఒక్క పోతు చెట్టు చుట్టునున్న పెక్కు పెంటి చెట్లకు చాలును. ఈగలకు గోడలు లేవు, హద్దులు లేవు. ఒక వీధిలో నలుగురు పెంటి మొక్కలు నాటి, ఐదవవాడు పోతు మొక్క నాటినచో నలుగురి చెట్లును కాయును. ఐదవవాని చెట్టున పండు లేకున్నను వీధిలోని పండ్లన్నిటికిని మూలమదియే. ఇట్టి చోట ఐదవవాడు విసిగి తన చెట్టును కొట్టివేసెనేని మరుసటి యేట నలుగురి చెట్లును వట్టివగును. కారణము వారికి తోచదు.

విత్తనమా, కొమ్మయా?

హాలీ విత్తనము మిక్కిలి బద్ధకమైనది. పైపొర గట్టిది. పండు పండునాటికి లోపలి మొలక పూర్తిగ ఎదిగి యుండదు. అందుచే విత్తిన పిమ్మట రెండవ వసంతమునగాని, మూడవ వసంతమునగాని మొలవదు. తొల్లి తోటమాలులు పండ్లను ఇసుకతో కలిపి గోతిలో పాతిపెట్టి, ఒక సంవత్సరము గడిచిన పిదప తీసి మడులలో విత్తెడివారు. ఇట్లు మొలచిన మొక్క పూతకు వచ్చుటకు సాధారణముగ ఐదు మొదలు పండ్రెండేండ్లును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. అంతవరకును అది పోతో పెంటియో చెప్పుటకు వీలులేదు.

అందుచేత నర్సరీలవారు కొమ్మముక్కలతోనే మొక్కలను తయారుచేయుదురు. వేసవి చివర, ఆ యేటి లేతకొమ్మ కొంత ముదిరిన తరువాత, నాలుగైదు అంగుళముల ముక్కలుగ కోసి, క్రింది ఆకులను తొలగించి, ఇసుకయు ఆకుఎరువును కలిపిన తేమనేలలో నీడపట్టున నాటుదురు. వేరు తొడుగుటకు కొన్ని నెలలు పట్టును. కొమ్మ ఏ చెట్టునుండి తీయబడెనో ఆ చెట్టు లక్షణమే మొక్కకు వచ్చును. పెంటికొమ్మ పెంటియే యగును, పోతుకొమ్మ పోతే యగును. కావున తల్లిచెట్టును చూచి, లేదా తెలిసికొని, కొమ్మమొక్కను కొనుట ఉత్తమమార్గము.

నాటుట, పోషణము

నీరు నిలువని నేల హాలీకి ప్రధానము. కొంచెము పులుపు గుణము కలిగి, ఆకుఎరువు కలిసిన మెత్తని నేలలో చక్కగ పెరుగును. అడవిలో పెద్దచెట్ల క్రింద పెరుగు అలవాటు గలదగుటచే కొంత నీడ నోర్చును. కాని పండ్లు దండిగ కావలెనన్న ఎండ తగులు చోటనే నాటవలయును. బలమైన చలిగాలి నేరుగ కొట్టు స్థలమున ఆకులు మాడును.

ఆ దేశములలో శరదృతువునగాని, వసంతారంభమునగాని నాటుదురు. హాలీ వేరు కదలించుటను సహింపదు. అందుచే వేరుచుట్టునున్న మట్టిగడ్డ విడిపోకుండ మొక్కను దింపవలయును. గోయి మట్టిగడ్డకు రెండింతల వెడల్పుండవలయును గాని లోతు మట్టిగడ్డంతయే చాలును. మొక్క మునుపు ఎంత లోతున నుండెనో అంతకంటె లోతుగ పాతరాదు. పాదుపై ఆకుచెత్త పరచి, మొదటి రెండు వేసవులును నేల ఎండకుండ నీరు పోయవలయును. నాటిన పిదప కొన్ని ఆకులు రాలినచో భయపడనక్కరలేదు. ఆకులు రాలక కొమ్మకే అంటుకొని ఎండిపోయినచో మొక్కకు అపాయమని అచ్చటి తోటమాలులు చెప్పుదురు.

ఎదుగుదల నెమ్మది. సంవత్సరమునకు ఆరు మొదలు పండ్రెండు అంగుళములు పెరిగిన మంచి పెరుగుదలయే. మితిమీరిన ఎరువుతో త్వరపెట్టుట వలన లాభములేదు. కొమ్మలను విశేషముగ కత్తిరించిన యేడు పూత పోవును. పండు కావలసిన చెట్టును ఆకారము దిద్దునంతమాత్రమే కత్తిరింపవలయును. ఆకుపొరల నడుమ సొరంగములు చేయు చిన్న ఈగపిల్ల యొకటి దీని ముఖ్యమైన పురుగు. అది పట్టిన ఆకులను ఏరి కాల్చివేసిన చాలును. చెట్టు ప్రాణమునకు భయములేదు.

కంచెగను, మేతగను

దగ్గర దగ్గరగ, సుమారు రెండడుగుల ఎడమున, నాటి కత్తిరించుచు వచ్చినచో హాలీ దట్టమైన ముండ్లకంచె యగును. లండను నగరము చెంత డెట్‌ఫర్డ్‌లో జాన్ ఈవ్లిన్ అను వృక్షశాస్త్రప్రియుడు 17వ శతాబ్దమున పెంచిన హాలీ కంచె చరిత్ర కెక్కినది. అది సుమారు 400 అడుగుల పొడవును, 9 అడుగుల ఎత్తును, 5 అడుగుల మందమును కలిగి యుండెను. 1698వ సంవత్సరమున రష్యా చక్రవర్తి పీటరు నౌకానిర్మాణము నేర్చుటకై వచ్చి ఆ యింటనే బస చేసెను. ఒంటిచక్రపు తోపుడుబండిలో కూర్చుండి కంచెలగుండ త్రోయించుకొనుట ఆయనకు వినోదముగ నుండెనని చెప్పుదురు. ఇంటికిని తోటకును కలిగిన నష్టమును లెక్కించుటకు ప్రసిద్ధ శిల్పి క్రిస్టఫర్ రెన్ రావలసివచ్చెను.

చెట్టు క్రిందిభాగపు ఆకులకు ముండ్లు హెచ్చు. ముదిరిన చెట్టు పైభాగపు ఆకులు పెక్కు నునుపుగ నుండును. పశువుల నోరందునంత వరకే చెట్టు ముండ్లు ధరించునట్లు కనబడును. స్పెయిను దేశపు శాస్త్రజ్ఞులు 2013వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనయందు, పశువులు మేసిన చెట్లలో ముండ్ల ఆకులు హెచ్చుగ నుండుటయు, ఒకే చెట్టున ముండ్ల ఆకులకును నునుపాకులకును బీజపదార్థముపై గల రసాయనిక గుర్తులలో భేదముండుటయు కనుగొనబడినవి.

ఈ నునుపాకులను ఇంగ్లాండు కర్షకులు వ్యర్థము చేయలేదు. డెర్బీషైరు, యార్క్‌షైరు కొండప్రాంతములలో మధ్యయుగములనుండి 18వ శతాబ్దము వరకును హాలీ వనములను ప్రత్యేకముగ పెంచి, మంచు కప్పి గడ్డి దొరకని దినములలో పైకొమ్మలను నరికి గొఱ్ఱెలకును పశువులకును వేసెడివారు. మన పల్లెలలో వేసవి గడ్డికరవున అవిసె, రావి రొట్టను కొట్టి మేకలకు వేయుట వంటిదే యిది. గడ్డి లేనినాడు పచ్చగ నుండు చెట్టు కర్షకునకు అటకమీది గడ్డితో సమానము.

హాలీ కలప తెల్లనిది, గట్టిది, సన్నని పోగు గలది. చెక్కపై పొదుగుపనికిని, చదరంగపు పావులకును వాడుదురు. అమెరికాలో డెలవేర్ రాష్ట్రపు పల్లెకుటుంబములు 20వ శతాబ్దపు పూర్వార్ధమున చలికాలపు తీరిక దినములలో హాలీ కొమ్మలతో వలయాకారపు దండలు కట్టి దూరనగరముల కంపి నాలుగు డబ్బులు సంపాదించెడివారు. కృత్రిమపు దండలు వచ్చిన పిదప ఆ పని క్షీణించినది.

జాగ్రత్తలు

ఎర్రని హాలీ పండ్లు పక్షులకు ఆహారమే గాని మనుష్యులకు కావు. తిన్నచో వాంతులును, విరేచనములును కలుగును. బిడ్డలకును పెంపుడు కుక్కలకును అందకుండ చూడవలయును. మన దేశమునుండి బిడ్డల యిండ్లకు వెళ్లి కొన్ని నెలలుండు పెద్దలు, మనుమలను వాకిట ఆడించునపుడు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలయును. రేగుపండ్లవలె కనబడునవన్నియు రేగుపండ్లు కావు.

రెండవ జాగ్రత్త స్థలమును గూర్చినది. పక్షులు పండ్లను తిని గింజలను దూరముగ జార్చును. ఇంగ్లీషు హాలీ తన స్వదేశమున సాధువే. అమెరికా పశ్చిమతీరమున వాషింగ్టన్, ఆరిగన్ రాష్ట్రములలో మాత్రము తోటలు దాటి అడవులలో చొరబడి, అచ్చటి సహజవృక్షములను అణచుచున్నది. అట్టిచోట దీనిని క్రొత్తగ నాటక, ఆ ప్రాంతపు చెట్టునే ఎన్నుకొనుట ధర్మము. తూర్పుభాగమున నివసించువారికి అమెరికా హాలీ స్వదేశీయమేయగుటచే ఈ చిక్కు లేదు.

మనకు పనికివచ్చు సంగతి

హాలీ ధర్మము మన చెట్లలోను కలదు. పోతుతాటిని, పెంటితాటిని మన పల్లెలో ఎరుగనివారు లేరు. తాటిటెంక నాటినవానికి గెల కనబడువరకు అది ఏదియో తెలియదు. ఈత చెట్టు ఇట్టిదే. పాతరకముల బొప్పాయియు ఇట్టిదే. కొబ్బరితోటలలో అంతరపంటగ జాజికాయ వేయువారు విత్తనపు మొక్కలను నాటినచో అందు ఇంచుమించు సగము పోతులగును. అందుచేతనే పెంటి చెట్టునుండి తీసిన అంట్లను నాటి, పది చెట్ల కొక పోతును నిలుపుట వాడుక. ఆకాకర సాగునందును ఇదే పద్ధతి. విత్తనము జల్లినవానికి ఏ తీగె కాయునో తెలియదు. పెంటితీగె దుంపను నాటినవానికి తెలియును. అయితే పోతుతీగెలను కాయవని పీకివేసినవాని తోటలో పెంటితీగెలు పూవులు రాల్చుకొనుచు నిలుచును. పది పెంటితీగెల కొక పోతుతీగెను విడువక తప్పదు.

కావున ఏ మొక్కనైనను కొనునపుడు ధరయు రకమును అడిగినట్లే, ఇది పోతా, పెంటియా, దీనికి తోడు కావలయునా యని అడుగవలయును. చెప్పలేని వానియొద్ద కొనకుండుటయే మేలు. ఇదివరకే నాటిన చెట్టు కాయకున్నచో గొడ్డలి పట్టుటకు ముందు పూవును కోసి చూడవలయును. పెంటియైనచో దగ్గరలో పోతును నాటింపుడు. పోతైనచో చుట్టుప్రక్కల కాయుచున్న చెట్లను లెక్కించి చూడుడు. తమ పెరటిలో పండు లేని చెట్టు పొరుగు పెరళ్లలోని పంటకు ఆధారమై యుండవచ్చును. అట్టి చెట్టును నరకకుండ నిలుపుకొనుటయు సేద్యమే.